బీఏ ఎకనామిక్స్... వయా వెల్లింగ్టన్

న్యూజిలాండ్ అనగానే మనకు గుర్తొచ్చేవి ఐటీ, నర్సింగ్, అకౌంట్స్. కానీ క్యాన్సర్ మందు నుంచి చేపల వేట దాకా ఎవరికెంత అన్న లెక్కను ఆ దేశం ఎకనామిక్స్ పట్టభద్రులకు అప్పజెప్పింది. ఆ కొలువులకు ఎంట్రన్స్ పరీక్ష లేదు. చాలావాటికి ఎకనామిస్ట్ అన్న పేరూ లేదు. మరి దారెటు?

2025 నవంబరు 26, బుధవారం. వెల్లింగ్టన్‌లో మధ్యాహ్నం రెండు కావస్తోంది. హైదరాబాద్‌లో అప్పుడు ఉదయం ఆరున్నర, గుమ్మం ముందు పాలప్యాకెట్లు పడే వేళ. ఆక్లాండ్ బ్యాంకుల డీలింగ్ రూముల్లో మాటలు తగ్గాయి. ఆ నగర శివారు ఫ్లాట్ బుష్‌లో అప్పు చేసి ఇల్లు కొన్నవాళ్లు ఆఫీసు కంప్యూటర్లో ఓ పక్కన వార్తల పేజీ తెరిచి పెట్టుకున్నారు.

సరిగ్గా రెండింటికి రిజర్వ్ బ్యాంక్ ప్రకటన వచ్చింది. వడ్డీ రేటు 2.50 నుంచి 2.25కి దిగింది.

తగ్గింది పావు శాతమే. కానీ ఆరు లక్షల డాలర్ల ఇంటి అప్పు ఉన్నవాళ్లకు, బ్యాంకు ఆ తగ్గింపంతా తమదాకా రానిస్తే, ఏడాదికి 1,500 డాలర్లు మిగులు. అక్కడ ఇంటి అప్పు వడ్డీని ఎక్కువమంది ఏడాదికో రెండేళ్లకో మాత్రమే ఖాయం చేసుకుంటారు. గడువు తీరగానే కొత్త రేటు. అందుకే రిజర్వ్ బ్యాంకు రేటుకున్న ‘ఓసీఆర్’ (అఫీషియల్ క్యాష్ రేట్) అన్న మూడక్షరాలు అక్కడి పెళ్లి విందుల్లోనూ వినిపిస్తాయి. 2024 ఆగస్టులో ఈ రేటు 5.50. పదిహేను నెలల్లో మూడుంపావు శాతం దిగింది.

ప్రకటన వెలువడిన నిమిషాల్లోనే బ్యాంకుల ఎకనామిస్టులు తమ వ్యాఖ్యానాలు వదిలారు. రేడియోలు, టీవీలు వాళ్లకు ఫోన్లు కలిపాయి. ఈ సందడి బయటికి కనిపించేది. కనిపించనిది ఇంకోటుంది. అద్దెలెంత, పాలపొడి రేటెంత, కొత్తగా ఎన్ని ఇళ్లకు అనుమతులొచ్చాయి అని వారాల తరబడి అంకెలు నూరి, ఒక్కో పేజీ నోట్‌గా రాసి పైకి పంపినవాళ్లు. వాళ్లలో పట్టా పుచ్చుకుని రెండు మూడేళ్లు కూడా కానివాళ్లుంటారు.

వెల్లింగ్టన్‌లో ‘ది టెర్రస్’ అనే వీధి ఉంది. రెండో నంబరు రిజర్వ్ బ్యాంకుది. ఒకటో నంబరు ట్రెజరీది, అంటే మన లెక్కలో ఆర్థికశాఖది. మంత్రులు కూర్చునే ‘బీహైవ్’ భవనం అక్కణ్నుంచి నాలుగడుగులు. 50 లక్షల జనాభా ఉన్న దేశంలో ఎవరికెంత అన్న ప్రశ్నలన్నీ దాదాపుగా ఈ చుట్టుపక్కలే తెములుతాయి.

“అయితే బ్యాంకు పరీక్షలు రాస్తావా?”

మన ఇళ్లల్లో ఎకనామిక్స్ చదువుతున్న అమ్మాయికి పెళ్లి పందిట్లో ఎదురయ్యే ప్రశ్న ఇది. “లేదు పెదనాన్నా, ఇంకా ఏమీ అనుకోలేదు” అంటే రెండో ప్రశ్న సిద్ధం: “పోనీ గ్రూప్స్?” ఆయన్ను తప్పుపట్టలేం. ఆయన చూసిన దారులు అవే. డిగ్రీ, ఆపైన ఎంఏ, ఆపైన లెక్చరర్ పోస్టు. లేదంటే బ్యాంకు. మరీ పట్టుదల ఉంటే ఢిల్లీ వెళ్లి ఇండియన్ ఎకనామిక్ సర్వీస్. రిజర్వ్ బ్యాంకు గవర్నర్ల కుర్చీలో కూర్చున్న మన తెలుగువాళ్లు వై.వి.రెడ్డి, దువ్వూరి సుబ్బారావు కూడా ఐఏఎస్ గుమ్మం లోంచే అక్కడికి చేరారు. మన దగ్గర ప్రతి పెద్ద కొలువుకూ ఒక పరీక్ష, ఆ పరీక్షకు అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్.

న్యూజిలాండ్‌లో ఈ తరహా పరీక్షే లేదు. ప్రతి మంత్రిత్వశాఖా తనకు కావాల్సినవాళ్లను తనే ప్రకటన ఇచ్చి తీసుకుంటుంది. దరఖాస్తు, ఓ ఉత్తరం, ఓ చిన్న రాతపని, ఇంటర్వ్యూ. మన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. వెయ్యి ప్రశ్నల బ్యాంకు బట్టీ పట్టగలరు. ‘బస్సు చార్జీ సగానికి తగ్గిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? మంత్రిగారికి రెండు పేజీల్లో రాయండి’ అంటే పెన్ను కదలదు.

ఈ దేశం గురించి ఇప్పుడే ఎందుకు మాట్లాడుకోవాలంటే, 2025 మార్చిలో భారత్, న్యూజిలాండ్ స్వేచ్ఛా వాణిజ్య చర్చలు మొదలుపెట్టాయి. డిసెంబరు 22న చర్చలు ముగిశాయని ప్రకటించాయి. ఏ సమయంలోనైనా 5,000 మంది దాకా భారతీయ నిపుణులకు తాత్కాలిక ఉద్యోగ వీసాలన్న మాట అందులో ఉంది. అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ కన్సల్టెన్సీలకు ఇంతకన్నా ఏం కావాలి!

మొసళ్ల వేట నుంచి ప్రొఫెసర్ కుర్చీకి

న్యూజిలాండ్ ప్రపంచానికిచ్చిన ఆర్థికవేత్తల్లో అందరికన్నా పేరున్నవాడు బిల్ ఫిలిప్స్. మన డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో ‘ఫిలిప్స్ వక్రరేఖ’గా కనిపించేది ఆయనే. ఆయన బయోడేటా ఏ కెరియర్ కౌన్సెలర్‌కైనా ఇస్తే తల పట్టుకుంటాడు.

1914లో డానవర్క్ దగ్గర తె రెహుంగా అనే పల్లెలో, పాడి రైతుల ఇంట పుట్టాడు. పదిహేనేళ్లకు బడి మానేశాడు. జలవిద్యుత్ కేంద్రంలో అప్రెంటిస్‌గా చేరి కరెంటు పని నేర్చాడు. ఆస్ట్రేలియా వెళ్లి గనుల్లో పనిచేశాడు, మొసళ్లను వేటాడాడు. చైనా మీదుగా, సైబీరియా రైలెక్కి లండన్ చేరాడు. యుద్ధమొచ్చింది. బ్రిటిష్ వైమానిక దళంలో చేరి జావాలో జపాన్ సైన్యానికి చిక్కాడు. మూడున్నరేళ్లు ఖైదు. ఆ శిబిరంలో కాపలావాళ్ల కళ్లుగప్పి రేడియో తయారుచేశాడు. తోటి ఖైదీల దగ్గర చైనీస్ భాష నేర్చుకున్నాడు.

బయటపడ్డాక లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాడు. చదివింది సోషియాలజీ. వచ్చింది పాస్ మార్కులు. కానీ ఎకనామిక్స్ క్లాసులో చెప్పే ‘ధన ప్రవాహం’ కరెంటు పనివాడి బుర్రకు నిజంగానే ప్రవాహంలా కనిపించింది. క్రోయిడన్‌లో తను అద్దెకున్న ఇంటివాళ్ల గ్యారేజీలో ప్లాస్టిక్ తొట్లు, గొట్టాలు, యుద్ధవిమానాల పాత పంపులు బిగించి ఏడడుగుల యంత్రం కట్టాడు. రంగునీళ్లే అందులో జాతీయాదాయం. పన్నులకొక గొట్టం, పొదుపుకొక తొట్టి, దిగుమతులకొక కాలువ. పన్ను కొళాయి తిప్పితే వినియోగం తొట్టిలో మట్టం దిగుతుంది, పెన్ను దానంతటదే గ్రాఫు గీస్తుంది. 1949 నవంబరులో అక్కడి ప్రొఫెసర్ లయొనెల్ రాబిన్స్ సెమినార్లో దాన్ని నడిపి చూపించాడు. వినోదం చూద్దామని వచ్చిన ప్రొఫెసర్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

దాని పేరు మోనియాక్. పదీ పన్నెండు యంత్రాలు తయారై హార్వర్డ్, కేంబ్రిడ్జ్, మెల్‌బోర్న్, ఇస్తాంబుల్ దాకా వెళ్లాయి. ఒకటి వెల్లింగ్టన్ రిజర్వ్ బ్యాంకుకు చేరింది. నిరుద్యోగం తగ్గితే జీతాలు ఎంత వేగంగా పెరుగుతాయో 1861 నుంచి 1957 దాకా బ్రిటన్ లెక్కలతో చూపిన ఆయన వ్యాసం 1958లో అచ్చయింది. అదే ఆ వక్రరేఖ. చివరి ఏళ్లలో స్వదేశానికి వచ్చి ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1975లో కన్నుమూశాడు.

ఈ కథ విని పిల్లల్ని మొసళ్ల మీదికి పంపమని కాదు. ఒక పనిలో నేర్చిన చూపు ఇంకో పనిలో అక్కరకు రావడం ఆ దేశపు ఉద్యోగాల్లో ఇవాళ్టికీ ఉంది. 1988 నుంచి 2002 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా చేసిన డాన్ బ్రాష్ అంతకుముందు కివీ పండ్ల అథారిటీకి మేనేజర్!

■ ముందుగా వాళ్లే!

ధరల పెరుగుదలకు ఒక లక్ష్యం పెట్టి, దాన్ని సాధించే బాధ్యతను చట్టం ద్వారా రిజర్వ్ బ్యాంకు నెత్తిన పెట్టిన మొదటి దేశం న్యూజిలాండ్. ఆ చట్టం 1989లో వచ్చింది. దాని పుట్టుక వెనక ఆర్థికమంత్రి రోజర్ డగ్లస్ 1988లో ఓ టీవీ ఇంటర్వ్యూలో నోరుజారినట్టుగా అన్న మాట ఉంది. ద్రవ్యోల్బణం సున్నాకు దగ్గరగా ఉండాలన్నాడు. అధికారులు దాన్నే పట్టుకుని 0 నుంచి 2 శాతంగా ఖరారు చేశారు. ఇప్పుడది 1 నుంచి 3.

బ్రాష్ తన ఉపన్యాసాల్లో ఓ పెద్దాయన సంగతి చెప్పేవాడు. ఆయన మేనమామో బాబాయో అయ్యే ఆ రైతు జన్మంతా కష్టపడి పెంచిన ఆపిల్ తోటను 1971లో అమ్మి, ఆ సొమ్ము ప్రభుత్వ బాండ్లలో పెట్టాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ధరలు ఆ పొదుపులో చాలా భాగాన్ని మింగేశాయి.

మన దేశం 2016లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి 4 శాతం, అటూఇటూ 2 అని పెట్టుకున్న లక్ష్యం ఈ బాటలోదే.

బోర్డు మీద వేరే పేరు

‘ఎకనామిస్ట్’ అని ఉద్యోగ ప్రకటనలు వెతికితే న్యూజిలాండ్‌లో దొరికేవి కొన్నే. ‘పాలసీ ఎనలిస్ట్’ అని వెతికితే మాత్రం దేశమంతా కనిపిస్తుంది. ట్రెజరీ, వ్యాపార ఉపాధి మంత్రిత్వశాఖ, రవాణా, పర్యావరణం, ప్రాథమిక రంగ పరిశ్రమలు... అన్నిటిలోనూ ఈ పేరే. పని ఏమిటంటే, మంత్రి ఒక నిర్ణయం తీసుకునేముందు దాని ఖర్చు, లాభం, నష్టపోయేవాళ్లు, ఇతర మార్గాలు అన్నీ తూచి కాగితం మీద పెట్టడం. దాన్నే కేబినెట్ పేపర్ అంటారు.

ఆ కాగితాలు మన సచివాలయాల్లోలా బీరువాల్లో మగ్గవు. 1982 నాటి సమాచార చట్టం ఉంది. దానికితోడు మంత్రివర్గం తుది నిర్ణయం తీసుకున్నాక 30 పనిదినాల్లోపు ఆ పేపర్లను ప్రభుత్వమే బయటపెట్టాలన్న విధానం వచ్చింది. కరీంనగర్‌లో కూర్చున్న విద్యార్థి కూడా పైసా ఖర్చు లేకుండా వాటిని చదువుకోవచ్చు. నా మటుకు నేను ఏ కోచింగ్ మెటీరియల్ కన్నా ఈ పేపర్లు పది చదివితే మేలంటాను.

ఇంకో సంగతి మనవాళ్లు ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నాక గానీ గ్రహించరు. బ్రిటిష్ రాజ్యానికీ మావోరీ తెగల పెద్దలకూ 1840లో కుదిరిన వైతాంగి ఒప్పందం మీద అక్కడ ప్రశ్న అడుగుతారు. ప్రభుత్వ విధానాల్లో ఆ ఒప్పందం ప్రస్తావన లేని అధ్యాయం అరుదు. పైగా అది చరిత్ర పాఠం మాత్రమే అనుకుంటే పొరపాటు. పోయిన భూములకు పరిహారంగా వైకాతో-తైనుయి తెగకు 1995లో, నాయ్ తాహు తెగకు 1998లో చెరో 17 కోట్ల డాలర్ల విలువైన సెటిల్మెంట్లు జరిగాయి. ఆ సొమ్మును పెట్టుబడిగా మార్చి, భూములు, వ్యాపారాలు నడుపుతున్న తెగల సంస్థలకూ ఎకనామిక్స్ తెలిసినవాళ్లు కావాలి.

ఏ మందు? ఎవరికి?

ఈ కొలువుల్లో గుండె దిటవు కావాల్సింది ఫార్మాక్‌లో. 1993లో పెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ దేశమంతటికీ ఏ మందులు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలో తేలుస్తుంది. బడ్జెట్ ముందే ఖరారు. అడిగేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. కాబట్టి ప్రతి మందుకూ ఒకటే లెక్క: ఇంత డబ్బు పెడితే రోగులకు అదనంగా ఎన్ని ఆరోగ్యకరమైన ఏళ్లు దక్కుతాయి? ఒక మందు వందమందికి తలా నెల ఇవ్వొచ్చు. ఇంకోటి ఇద్దరికి పదేళ్లు ఇవ్వొచ్చు. వీటిలో ఏది ముందు?

ఎనలిస్టు ఇలాంటి పట్టిక తయారుచేస్తుంటే, పార్లమెంటు ముందు ప్లకార్డులతో క్యాన్సర్ రోగులు నిలబడ్డ సందర్భాలున్నాయి. 2016లో చర్మ క్యాన్సర్ మందు కీట్రూడా కోసం పెద్ద పోరాటమే జరిగింది. ఆ ఏడాది ముందు ఆప్డివో, ఆ తర్వాత కీట్రూడా జాబితాలోకి వచ్చాయి. ఒకే జబ్బుకు రెండు కంపెనీలు పోటీలో ఉంటే బేరం ఆడొచ్చన్నది ఫార్మాక్ ఒడుపు. అదే ఒడుపుతో మామూలు మాత్రల్ని చవగ్గా కొంటుంది. కొత్త మందులు మాత్రం పక్కనున్న ఆస్ట్రేలియాకన్నా ఆలస్యంగా వస్తాయన్నది ఎప్పుడూ ఉండే ఫిర్యాదు. 2024 జూన్‌లో ప్రభుత్వం నాలుగేళ్లకు 60.4 కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చింది. 54 దాకా కొత్త మందులకు దారి దొరికింది. అంటే అంతవరకూ ఆ 54 మందుల ఫైళ్లూ ఎవరో ఒకరి బల్ల మీద వరుస కోసం ఎదురుచూసినట్టేగా!

మనకిది కొత్తేమీ కాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు గుండె ఆపరేషన్‌కు ఇంత, కిడ్నీకి ఇంత అని ప్యాకేజీ ధరలు ఎవరో లెక్కగట్టారు. అలా లెక్కగట్టేవాళ్లను హెల్త్ ఎకనామిస్ట్ అంటారని, దానికో చదువుందని మన డిగ్రీ కాలేజీలు పిల్లలకు చెప్పవు. అదే బాధ.

రోజుకు పది లక్షల అదనపు లాభం

న్యూజిలాండ్‌లో వెచ్చాల వ్యాపారం రెండు గుంపుల చేతిలో ఉంది. పాక్‌ఎన్‌సేవ్, న్యూ వరల్డ్ దుకాణాల ఫుడ్‌స్టఫ్స్ ఒకటి. వూల్‌వర్త్స్ రెండోది. అరల్లో సరుకులు సర్దుతూ రాత్రి షిఫ్టులు చేసే మన విద్యార్థులకు ఈ పేర్లు బాగా తెలుసు. ఆ అరల వెనక లెక్కను బయటపెట్టింది కామర్స్ కమిషన్. పోటీ లేకపోవడం వల్ల సూపర్‌మార్కెట్లు న్యాయంగా రావాల్సినదానికన్నా ఏడాదికి 43 కోట్ల డాలర్లు, అంటే రోజుకు పది లక్షలకు పైనే ఎక్కువ సంపాదిస్తున్నాయని 2022 మార్చి నివేదికలో తేల్చింది. మర్నాడు ఆ అంకె దేశంలో వినపడని ఇల్లు లేదు. 2023లో దానికోసమే ప్రత్యేక చట్టం, గ్రోసరీ కమిషనర్ వచ్చారు. ఉత్తర, దక్షిణ ద్వీపాల ఫుడ్‌స్టఫ్స్ సంస్థలు రెండూ కలిసిపోతామని అడిగితే 2024 అక్టోబరులో కమిషన్ కుదరదంది.

న్యాయంగా రావాల్సిన లాభమెంత? ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి లాయరు చాలడు, అకౌంటెంటూ చాలడు. పెట్రోలు, ఇళ్ల నిర్మాణ సామగ్రి, బ్యాంకులు... ఒక్కో రంగాన్నీ కమిషన్ ఇలాగే విప్పి చూసింది. అవతలి పక్షాన కంపెనీలూ ఊరుకోవు. వాటి తరఫున వాదించడానికి కన్సల్టింగ్ సంస్థలున్నాయి. వెల్లింగ్టన్‌లో ఎన్‌జడ్‌ఐఈఆర్, బెర్ల్, ఇన్ఫోమెట్రిక్స్, సెన్స్ పార్ట్‌నర్స్ లాంటివి ఈ బాపతే. లాభాపేక్ష లేని మోటు అనే పరిశోధన సంస్థ వేరే. ఇవాళ కమిషన్‌లో కూర్చున్నవాళ్లు నాలుగేళ్ల తర్వాత కన్సల్టింగ్‌లో, ఆపైన బ్యాంకులో తేలడం అక్కడ మామూలే. ఊరు చిన్నది. ఒకరి రాత గురించి ఇంకొకరికి తెలుస్తుంది.

పాలు, చేపలు, చెరువు నీళ్లు

వెల్లింగ్టన్ దాటితే ఎకనామిక్స్ గమ్‌బూట్లు తొడుక్కుంటుంది. ఆ దేశంలో పాడి రైతు మందలో సగటున 400 ఆవులకు పైనే. పాలలో నూటికి తొంభై పాళ్లకు మించి విదేశాలకే పోతాయి. 2001లో ఏర్పడ్డ ఫాంటెరా రైతుల సహకార సంస్థ. పాలపొడి, వెన్న ధరలు తేల్చే ‘గ్లోబల్ డెయిరీ ట్రేడ్’ ఆన్‌లైన్ వేలం 2008లో మొదలైంది, నెలకు రెండుసార్లు జరుగుతుంది. చైనా కొనుగోలుదారు ఓ వారం వెనక్కి తగ్గితే వైకాతో ప్రాంతంలోని మోరిన్స్‌విల్ రైతు ట్రాక్టర్ కొనడం వాయిదా వేస్తాడు. ఆ కదలిక ముందే పసిగట్టడానికి ప్రతి పెద్ద బ్యాంకులోనూ వ్యవసాయ ఎకనామిస్టులున్నారు. లింకన్, మాసీ విశ్వవిద్యాలయాల పట్టాలకు ఇక్కడ విలువ ఎక్కువ.

భారత్‌తో ఒప్పందంలో ఆపిల్‌కు, కివీ పండుకు సందు దొరికింది గానీ పాలు గడప దాటలేదు. 400 ఆవుల రైతుకూ, చిత్తూరులో రెండావులు కట్టేసుకుని పాలకేంద్రంలో వెన్నశాతం చీటీ కోసం నిలబడే ఆడమనిషికీ మధ్య పోటీ ఎలాగుంటుందో ఢిల్లీలోనూ వెల్లింగ్టన్‌లోనూ లెక్కలేసినవాళ్లకు తెలుసు.

చేపల సంగతి ఇంకా చిత్రం. ఏ జాతి చేప ఏడాదికి ఎన్ని టన్నులు పట్టొచ్చో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఆ వాటాలను కొనొచ్చు, అమ్మొచ్చు. 1986 నుంచీ ఇదే పద్ధతి. సముద్రంలో చేపకు కాగితం మీద హక్కు రాసిన ఈ ఏర్పాటును ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి చూసి వెళ్తారు.

కరెంటు కూడా అంతే. సగానికి పైగా జలవిద్యుత్తే. టోకు మార్కెట్లో ధర అరగంటకోసారి మారుతుంది. వాన పడకపోతే చెరువు మట్టంతోపాటు గుండెలూ దిగుతాయి. 2024 ఆగస్టులో ధరలు మిన్నంటాక రుఅపెహు జిల్లాలో ఓ గుజ్జు మిల్లు, ఓ కలప మిల్లు మూతపడి 200కు పైగా ఉద్యోగాలు పోయాయి. చిన్న ఊళ్లలో అది ఊరంతటి దెబ్బ.

■ మేకల మంద, జీడీపీ పుస్తకం

మార్లిన్ వేరింగ్ 1975లో పార్లమెంటుకు ఎన్నికైనప్పుడు వయసు 23. దేశదేశాల జాతీయాదాయ లెక్కలు చూస్తూ ఆమె ఒక సంగతి పట్టుకుంది. ఇంట్లో వండిపెట్టే, పిల్లల్ని పెంచే, నీళ్లు మోసే ఆడవాళ్ల పని ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. చమురు ఓడ పగిలి సముద్రం పాడైతే, శుభ్రం చేసే ఖర్చు మాత్రం జీడీపీకి కలుస్తుంది! రాజకీయాలు వదిలి, మేకలు పెంచుకుంటూ 1988లో దీనిమీద పుస్తకం రాసింది. ఎవరు ఎన్ని గంటలు ఏ పని చేస్తున్నారో అడిగే సమయ సర్వేలకు, ఆ తర్వాత 2019లో న్యూజిలాండ్ ప్రవేశపెట్టిన ‘వెల్‌బీయింగ్ బడ్జెట్’ ఆలోచనకు ఇలాంటి వాదాలే దారి వేశాయి. మన దేశమూ 2019లో సమయ సర్వే చేసింది.

మన రంగు ముఖాలు

టీవీలో ఇళ్ల ధరల గురించి మాట్లాడాలంటే న్యూజిలాండ్ చానళ్లు పిలిచేవాళ్లలో షముబీల్ యాకూబ్ ఒకరు. పుట్టింది బంగ్లాదేశ్‌లో. చదివింది క్రైస్ట్‌చర్చ్ దగ్గరి లింకన్‌లో, ఎకనామిక్స్ ఆనర్స్. ఇల్లు కొనలేని తరం గురించి భార్య సెలీనాతో కలిసి 2015లో రాసిన ‘జనరేషన్ రెంట్’ ఆ దేశంలో ఇంటింటి వాదనైంది. భారతీయ మూలాలున్న గణేశ్ నానా బెర్ల్ సంస్థలో ముఖ్య ఆర్థికవేత్తగా ఉండి, 2021లో ప్రొడక్టివిటీ కమిషన్‌కు అధ్యక్షుడయ్యారు.

తెలుగు పేరు ఈ వరుసలో ఇంకా గట్టిగా వినిపించాల్సే ఉంది. పక్కనున్న ఆస్ట్రేలియాలో మాత్రం వినిపించింది. వేర్వేరు దేశాల ధరలను పోల్చే లెక్కల్లో ప్రపంచంలోనే పేరున్న డి.ఎస్.ప్రసాదరావు క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం ఎమెరిటస్ ప్రొఫెసర్. న్యూజిలాండ్‌లో 2023 జనగణన ప్రకారం భారతీయులు 2 లక్షల 92 వేలు. మనవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు, ఉగాది పచ్చడి పంచుతున్నారు. ఐటీలో, ఆస్పత్రుల్లో, షాపుల్లో ఉన్నారు. వాళ్ల పిల్లల తరం ఇప్పుడు యూనివర్సిటీల్లో అడుగుపెడుతోంది.

ఎదురుగాలి

ఇంతదాకా చదివి టికెట్ కొనేయకండి. గణేశ్ నానా నడిపిన ప్రొడక్టివిటీ కమిషన్ 2024 ఫిబ్రవరి 29న మూతపడింది. మర్నాడే నిబంధనల మంత్రిత్వశాఖ అనే కొత్త దుకాణం తెరిచారు. 2023 చివర్లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం శాఖలను 6.5 లేదా 7.5 శాతం ఖర్చు కోసుకోమంది. వేలకొద్దీ ప్రభుత్వ ఉద్యోగాలు పోయాయి. వెల్లింగ్టన్ కాఫీ షాపుల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయంటే అతిశయోక్తి కాదు, ఆ ఊరి వ్యాపారమంతా ఆ జీతాల మీదే. 2025 చివరికి నిరుద్యోగం 5 శాతం దాటింది. కుర్రకారు పెద్దసంఖ్యలో ఆస్ట్రేలియా విమానం ఎక్కుతున్నారు. నాలుగేళ్ల అనుభవమున్న ఎనలిస్టు ఖాళీగా ఉంటే, నిన్న పట్టా అందుకున్నవాళ్లకు పిలుపు రావడం కష్టమే.

మన పిల్లలకు ఇంకో అడ్డంకి. ప్రభుత్వ గ్రాడ్యుయేట్ ఉద్యోగాల్లో సాధారణంగా పౌరసత్వమో రెసిడెన్సో అడుగుతారు. వర్క్ వీసాతో ఉన్నవాళ్లకు మొదటి మెట్టు బ్యాంకులు, బీమా, కరెంటు కంపెనీలు, డేటా ఉద్యోగాలు. అక్కడ రెసిడెన్స్ సంపాదించాక ది టెర్రస్ వైపు రావచ్చు. ఈ మాట కన్సల్టెన్సీ టేబుల్ దగ్గర చెప్పరు.

తలుపు దగ్గర ఏం అడుగుతారు?

దేశంలో విశ్వవిద్యాలయాలు ఎనిమిదే. ఎకనామిక్స్‌ను బీకామ్‌లో భాగంగానో బీఏగానో మూడేళ్లు చదువుతారు. ట్రెజరీకి, రిజర్వ్ బ్యాంకుకు గురిపెట్టేవాళ్లు నాలుగో ఏడాది ఆనర్స్ చేస్తారు. మాస్టర్స్‌కు వెళ్లే మనవాళ్లయితే సిలబస్‌లో ఎకనామెట్రిక్స్ ఎంతుందో చూసుకోవాలి. ఆర్, స్టాటా, పైథాన్‌లలో ఒకటైనా చేతికి రావాలి. ‘బిజినెస్’ అన్న పేరు తగిలించిన ఏడాది డిప్లొమా చేసి పాలసీ ఉద్యోగం ఆశించడం నా దృష్టిలో అత్యాశ.

వీసా లెక్క కూడా చదువు స్థాయిని బట్టే. మాస్టర్స్ చేస్తే ఆ తర్వాత మూడేళ్ల దాకా పనిచేసుకునే వీలుంది. కింది స్థాయి కోర్సుల్లో చాలావాటికి అంత గడువు లేదు, కొన్నిటికి అసలే లేదు. చదువుతూ వారానికి పనిచేసే గంటలను 2025 నవంబరు 3న 20 నుంచి 25కు పెంచారు. కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 23.50 డాలర్లైంది. ఆ లెక్కన గంటలు నిండా చేసినా వారానికి 590 డాలర్లకు లోపే, అదీ పన్ను కోతకు ముందు. ఆక్లాండ్ అద్దెలు కట్టాక ఫీజుకు మిగిలేది ఉండదని తల్లిదండ్రులు అప్పు పత్రాల మీద సంతకం పెట్టకముందే తెలుసుకోవాలి.

అక్కడ విద్యాసంవత్సరం ఫిబ్రవరి చివర్లో మొదలై నవంబరుతో ముగుస్తుంది. మరుసటి ఏడాది చేరే గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకు చాలా సంస్థలు ఆఖరి సంవత్సరం మొదటి నెలల్లోనే దరఖాస్తులు తీసుకుంటాయి. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకునేవాళ్లు అప్పటికే ఓ ఏడాది వెనకబడ్డట్టు. ఫిబ్రవరిలో విమానం దిగే విద్యార్థి సామాన్లు సర్దుకుంటూనే ఓ రెండు పేజీల నోటు రాయడం మొదలుపెట్టాలి: బస్సు చార్జీ సగానికి తగ్గిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఆ డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి?